యాగంటికి దారి చెప్పేవారెవరు?

తెలుగులో క్షేత్రమహిమలు చెప్పే రచనలకు లోటు లేదు. ఆ క్షేత్రానికి వెళ్ళి, క్షేమంగా తిరిగి వచ్చే మార్గం చెప్పే రచనలకే కరువు. యాగంటిని గురించి అంతర్జాలంలో వెతికే వారికి మొట్టమొదట దొరికేవి మూడు వింతలు: నంది పెరుగుతున్నది, కాకి వాలదు, పుష్కరిణి ఎండదు. ఇంకొంచెం వెతికితే, కలియుగాంతాన యాగంటి బసవన్న లేచి రంకె వేస్తాడన్న వీరబ్రహ్మేంద్రస్వామి వారి కాలజ్ఞానం దొరుకుతుంది. ఇవన్నీ చదివిన తరువాత కూడా నంద్యాల బస్టాండులో మనవరాలి చేయి పట్టుకుని నిలబడిన ముసలామెకు ఏ బస్సు ఎక్కవలెనో, ఎక్కడ మారవలెనో, చీకటి పడకముందు తిరిగి ఎట్లా రావలెనో తెలియదు. బసవన్న ఏనాడు లేస్తాడో చెప్పగలిగిన మనము, బనగానపల్లెకు చివరి బస్సు ఏ వేళకు లేస్తుందో చెప్పలేకపోతున్నాము.

యాత్రికునికి పనికివచ్చే సమాచారం సాహిత్యం కాదు, అది కరపత్రాల వ్యవహారం అన్న చిన్నచూపు సాహిత్యాభిమానులలో ఉన్నది. నా అభిప్రాయం అందుకు విరుద్ధం. అటువంటి సమాచారం వ్రాయడం భాషకు సంబంధించిన బాధ్యత, ఒక విధంగా ధర్మానికి సంబంధించిన బాధ్యత కూడాను. అంతేకాదు, ఊరు ఎంత చిన్నదైతే దానిని గురించిన సమాచారం అంత జాగ్రత్తగా ఉండవలెను. మనవద్ద జరుగుతున్నది సరిగ్గా దీనికి తలక్రిందులు.

ఈ మాట తేలడానికి ఒక పెద్ద ఓడరేవు నగరాన్ని ప్రక్కన పెట్టి చూద్దాము. విశాఖపట్టణానికి క్రొత్తగా వచ్చినవాడు ఏమీ తెలుసుకోకుండా రైలు దిగినా అతనికి ప్రమాదం లేదు. స్టేషను బయట ఆటోలున్నాయి, సిటీ బస్సులున్నాయి, రామకృష్ణా బీచికి దారి అడిగితే పదిమంది చెబుతారు. ఒక బస్సు తప్పిపోతే మరొకటి వస్తుంది. ఒక హోటలు మూసి ఉంటే ప్రక్క వీధిలో ఇంకొకటి తెరిచి ఉంటుంది. సింహాచలం, కైలాసగిరి, 2002 నుంచి ఒడ్డున ప్రదర్శనశాలగా నిలిచి ఉన్న కురుసుర జలాంతర్గామి, వీటి వేళలూ రుసుములూ ఎన్నో చోట్ల వ్రాసి ఉన్నాయి. వాటిలో ఒకటి తప్పయితే పోయేది ఒక గంట కాలం, ఆటో కిరాయి. పెద్ద ఊరు తెలియనితనాన్ని క్షమిస్తుంది.

అయినా అంత పెద్ద నగరపు సమాచారంలో కూడా అసలు చెప్పవలసినది అడుగునే పడి ఉంటుంది. రామకృష్ణా బీచి నడకకు, చూపుకు ఎంత మనోహరమో స్నానానికి అంత ప్రమాదకరం. అక్కడి అలల లోలాగుడు ఈత వచ్చినవారిని సైతం మ్రింగిన సందర్భాలున్నాయి. సూర్యోదయపు శోభను వర్ణించినవారు ఈ ఒక్క వాక్యం మొదట వ్రాస్తే ఎన్ని ఇండ్లలో దీపాలు ఆరకుండా ఉండేవో! అట్లాగే 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారినప్పుడు బొర్రా గుహలూ, అరకులోయా విశాఖ జిల్లా నుంచి విడివడి పాడేరు కేంద్రంగా ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలో చేరాయి. పాత వ్రాతలు మాత్రం ఇంకా పాత చిరునామాలనే చెబుతున్నాయి. విశాఖలో ఇది పెద్ద ఇబ్బంది కాదు. అరకు ఏ జిల్లాలో ఉన్నా రైలు అక్కడికే పోతుంది.

యాగంటి సంగతి అట్లా కాదు. అదే రోజున, 2022 ఏప్రిల్ 4న, నంద్యాల కొత్త జిల్లా అయింది. యాగంటి, బనగానపల్లె, ఆళ్ళగడ్డ, అహోబిలం, మహానంది, బెలుం గుహలు, శ్రీశైలం అన్నీ కర్నూలు జిల్లాను వదలి నంద్యాల జిల్లాలోకి వచ్చాయి. దూరప్రాంతపు యాత్రికుడు పాత పుస్తకం చూసి "కర్నూలు జిల్లా" అన్న మాట పట్టుకుని కర్నూలులో దిగితే యాగంటికి ఇంకా సుమారు 100 కిలోమీటర్ల ప్రయాణం మిగిలి ఉంటుంది. నంద్యాలలో దిగితే సుమారు 55. బనగానపల్లె నుంచి అయితే 12 నుంచి 14 మాత్రమే. నంద్యాల, ఎర్రగుంట్ల మధ్య రైలు మార్గం 2016లో పూర్తిగా తెరుచుకున్న తరువాత బనగానపల్లెకే రైలు స్టేషను వచ్చింది. కాని యాగంటిని గురించిన వ్రాతలు చాలావరకు నేటికీ "సమీప రైల్వే స్టేషను నంద్యాల" అనే అంటాయి. నంద్యాలకు ఎక్కువ రైళ్ళు వస్తాయి కనుక ఆ సలహాలో కొంత ప్రయోజనం లేకపోలేదు. కాని ఎక్కువ రైళ్ళు వచ్చే స్టేషను వేరు, దగ్గరి స్టేషను వేరు. ఈ భేదం చెప్పనివాడు దారి చెప్పినట్టు కాదు.

ఎర్రమల కొండల నడుమ, పాతపాడు గ్రామాన్ని ఆనుకుని ఉన్న క్షేత్రమది. అక్కడ బస్సు తప్పితే వెంటనే మరొకటి రాదు. సాయంకాలం తరువాత ఆటో దొరకడం అదృష్టాన్ని బట్టి ఉంటుంది, దొరికినా కిరాయి ఆటోవాని ఇష్టాన్ని బట్టి ఉంటుంది. విశాఖలో ఒక గంట ఖరీదు చేసే తప్పు ఇక్కడ ఒక రాత్రి ఖరీదు చేస్తుంది. ఊరు చిన్నదైనకొద్దీ సమాచారం విలువ పెరుగుతుందని నేననడం ఇందుకే. కారులో వచ్చినవారికి ఈ బాధ తెలియదు. ఇప్పుడు వ్రాస్తున్నవారిలో, దృశ్యాలు చిత్రించి పెడుతున్నవారిలో కారులో వచ్చినవారే ఎక్కువ. అందువల్లనే హైదరాబాదు నుంచి ఎన్ని గంటల ప్రయాణమో, త్రోవలో ఏ హోటలులో ఏమి తినవచ్చునో విపులంగా దొరుకుతుంది. పల్లెవెలుగు బస్సులో వచ్చే మనిషికి కావలసిన ముక్క ఒక్కటీ దొరకదు.

2025 ఆగస్టు 15 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో స్త్రీ శక్తి పథకం క్రింద రాష్ట్రపు ఆడవారికి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ వంటి ఆర్టీసీ బస్సులలో ప్రయాణం ఉచితమైంది. చేతిలో గుర్తింపు కార్డు ఉంటే చాలు. ఇన్నాళ్ళు చార్జీలకు వెనుకాడి ఇల్లు కదలని తల్లులు ఇప్పుడు ఒక కార్తీక సోమవారం యాగంటికి పోయివద్దామని అనుకోవచ్చును. చార్జీ లేకుండా పోవచ్చునని వారికి తెలిసింది. ఏ వేళకు పోవచ్చునో, ఏ వేళకు రావచ్చునో ఎవరు చెప్పాలి? బస్సు లేని వేళ ఉచిత ప్రయాణానికి అర్థం లేదు. వేళల పట్టిక తెలియని చోట ఆ హక్కు సగమే అందినట్టు.

ఈ విషయంలో మనకు పెద్దల ఒరవడి లేదా అంటే, ఉన్నది. ఏనుగుల వీరాస్వామయ్య గారు 1830 మే 18న చెన్నపట్టణం నుంచి బయలుదేరి, కాశీ సేవించి, 1831 సెప్టెంబరు 3న తిరిగి ఇల్లు చేరారు. త్రోవ పొడుగునా తమ మిత్రులు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్ళ గారికి వ్రాసిన సంగతులే 1838లో 'కాశీయాత్ర చరిత్ర'గా అచ్చయ్యాయి. ఆనాటి పెద్ద ఓడరేవు పట్టణంలో, సుప్రీంకోర్టులో ఉద్యోగం చేసిన మనిషి మన సీమ గుండా నడిచి అహోబిలం, శ్రీశైలం చూసుకుని పోయారు. ఆ పుస్తకంలో ప్రతి మజిలీకి వారు గమనించినవి ఏమిటి? దారి గులకదా, ఇసుకదా, వాగులెన్ని, దిగడానికి వసతి ఉన్నదా, మంచినీళ్ళు ఎట్టివి, వంటసామగ్రి అంగళ్ళలో దొరుకుతుందా, యాత్రికుల వద్ద ఏ రుసుము వసూలు చేస్తారు. దేవుని కథ కూడా చెప్పారు, స్థలపురాణం తోసిపుచ్చలేదు. కాని కథ చెప్పి నీళ్ళ సంగతి మరచిపోలేదు.

పల్లకీలో, పరివారంతో ప్రయాణం చేసిన వారాయన. అంగడిలో బియ్యం దొరుకుతుందో లేదో వ్రాయవలసిన అగత్యం తమ వరకు అంతగా ఉండకపోవచ్చును. వెనుక వచ్చేవారి కోసం వ్రాశారు. అందువల్లనే తెలుగు యాత్రా సాహిత్యానికి ఆ పుస్తకం ఆదిగ్రంథంగా నిలిచింది. దాదాపు రెండువందల ఏళ్ళు గడిచినా అది నేటికీ చదివించేది ఆ వివరాల వల్లనే. దారి వివరం సాహిత్యం కాదనేవారికి ఇంతకంటె పెద్ద సమాధానం నావద్ద లేదు.

వీరాస్వామయ్య గారి పద్ధతిలో యాగంటిని గురించి ఒక పుట వ్రాస్తే అందులో ఏముండాలి? నాకు తోచినది చెబుతాను. మొదటి వాక్యం తిరుగు ప్రయాణం గురించి ఉండాలి: బనగానపల్లెలో బస్సు ఎక్కేముందే, యాగంటి నుంచి చివరి బస్సు ఎన్ని గంటలకో కండక్టరును అడిగి మరీ ఎక్కండి. రెండవది వేళ: మధ్యాహ్నం కొంతసేపు గుడి తలుపులు మూస్తారు, కనుక ఉదయం పెందలాడే చేరుకోండి. మూడవది ఎండ: ఏప్రిల్, మే నెలలలో మా వైపు 44 డిగ్రీలు దాటే దినాలు అరుదు కావు. చెప్పులు విడిచి రాతిబండల మీద నడవవలసిన చోట మిట్టమధ్యాహ్నం పసిపిల్లలను తీసుకుపోరాదు. మామిడిపండ్ల కోసం బనగానపల్లె రాదలచిన వారికి ఆ కాలమే తగినది. గుహలు ఎక్కదలచిన వారికి కార్తీకం నుంచి శివరాత్రి లోపు మేలు. శివరాత్రికీ, కార్తీక సోమవారాలకూ జనసమ్మర్దం హెచ్చు, నెమ్మదిగా చూడదలచినవారు ఆ దినాలు తప్పించుకోవాలి.

నాలుగవది మెట్లు. గుడి కింద ఉన్నది కనుక ఉమామహేశ్వరుని దర్శనానికి ముసలివారికి కూడా పెద్ద శ్రమ లేదు. అక్కడ స్వామి లింగరూపంలో గాక ఉమాసహితుడై ఒకే శిలలో కొలువై ఉన్నాడు. గుహలు వేరు. అగస్త్య గుహకు సుమారు 120 మెట్లు, అవి నిటారుగా ఉంటాయి. ప్రక్కనే ఉన్న వేంకటేశ్వర గుహ మెట్లు కొంత నయం. వీరబ్రహ్మం గుహలో పైకప్పు తక్కువ, వంగి నడవాలి. మోకాళ్ళ నొప్పులున్న తల్లిని ఏ గుహ దగ్గర కూర్చోబెట్టి ఏ గుహకు తీసుకుపోవచ్చునో కొడుకు నిశ్చయించుకోవడానికి ఈ మూడు వాక్యాలు చాలు. ఐదవది నీరు: కొండలోనుంచి వచ్చే ఊటనీరు పుష్కరిణిలోకి చేరుతుంది, స్నానం చేయవచ్చును. తడి మెట్ల మీద పిల్లలను వదలిపెట్టరాదు. బట్టలు మార్చుకునే చోటు ఎక్కడ, మరుగుదొడ్డి ఎక్కడ అన్నవి ఆడవారికి నంది ఎత్తు కంటె ముందు తెలియవలసిన సంగతులు. వీటిని వ్రాయడానికి మనకేదో బిడియం. ఆరవది చేతిసంచి: కాకి వాలదన్న కథ చెప్పినవారు కోతుల సంగతి చెప్పరు. కొబ్బరిచిప్పా అరటిపండూ పైకి కనబడకుండా పెట్టుకోవాలి.

ఒక రోజు చేతిలో ఉన్నవారికి ఇంకొక మాట చెప్పాలి. యాగంటి, బెలుం గుహలు ఒకే దినంలో చూడవచ్చునని అందరూ వ్రాస్తారు. సొంత వాహనం ఉంటే నిజమే. బెలుం గుహలు 3229 మీటర్ల పొడవున భూమి క్రిందికి వ్యాపించినవి. అందులో కొంతభాగం 2002 నుంచి సందర్శకులకు తెరిచి ఉన్నది. లోపల ఉక్క, నడక ఎక్కువ, ఉబ్బసం ఉన్నవారు ఆలోచించుకుని దిగాలి. బస్సుల మీద ఆధారపడినవారు యాగంటిని, బెలుమును ఒక దినంలో ముడివేయడం కంటె ఒకటి చూసి స్థిమితంగా తిరిగిపోవడం మేలు. బనగానపల్లెలోనే నవాబుల బంగళా ఉన్నది. 2009లో వచ్చిన 'అరుంధతి' చిత్రం వల్ల దానికి సినిమా పేరే నిలిచిపోయింది. 1948లో భారతదేశంలో కలిసేవరకు బనగానపల్లె ఒక చిన్న సంస్థానమన్న సంగతి ఆ పేరు చాటున మరుగుపడిపోయింది.

ఇన్ని చెప్పి కథలను తీసివేయమంటున్నానా? లేదు. కథ లేకపోతే క్షేత్రం ఉత్త కొండగా మిగులుతుంది. కాని కథను కథగా చెప్పడంలో ఒక మర్యాద ఉన్నది. నంది ఇరవై ఏళ్ళకు ఒక అంగుళం చొప్పున పెరుగుతున్నదని పురావస్తు శాఖవారే తేల్చారని అందరూ వ్రాస్తారు. ఏ సంవత్సరంలో, ఏ నివేదికలో తేల్చారన్నది వ్రాసినవారు నాకు కనబడలేదు. ఒకప్పుడు నంది చుట్టూ ప్రదక్షిణానికి చోటుండేదని, ఇప్పుడు లేదని పెద్దలు చెబుతారు. ఆ మాటను పెద్దల మాటగానే వ్రాస్తే దాని గౌరవం దానికి ఉంటుంది. దానికి శాస్త్రపు ముద్ర అరువు తెచ్చి వేస్తే అటు భక్తికీ ఇటు శాస్త్రానికీ అపచారమే. తేదీ లేని, ఆధారం లేని వాక్యాన్ని వంద చోట్ల తిరగవ్రాసే అలవాటు నంది ఎత్తుతో ఆగదు. బస్సు వేళలకు, సత్రపు వసతులకు, గుడి తెరిచే గంటలకు కూడా అదే అలవాటు పాకుతుంది. వింత విషయంలో అది వినోదం, వేళ విషయంలో అది మోసం.

దీనికి రెండు ఆక్షేపణలు రావచ్చును. యాత్ర అంటేనే కష్టం, అన్నీ అమర్చి పెడితే అది విహారం అవుతుంది గాని యాత్ర కాదు అన్నది మొదటిది. కష్టం రెండు విధాలు. 120 మెట్లు ఎక్కడం యాత్రికుడు కోరి తెచ్చుకున్న కష్టం, దానికి ఫలమున్నది. రాత్రి పది గంటలకు బస్సు లేక పిల్లలతో రోడ్డు ప్రక్కన నిలబడడం మరొకరి అశ్రద్ధ వల్ల వచ్చిన కష్టం, దానికి ఏ పురాణమూ ఫలశ్రుతి చెప్పలేదు. ఇక రెండవ ఆక్షేపణ: సమాచారం పెరిగితే జనం పెరిగి ప్రశాంతత చెడుతుందని. జనాన్ని తెచ్చేది సమాచారం కాదు, వింతలూ సినిమాలూ తెస్తాయి. వారు ఎట్లాగూ వస్తున్నారు. ఏ వేళకు రావలెనో, ఏమి తేకూడదో, చెత్త ఎక్కడ వేయాలో తెలియకుండా వస్తున్నారు. తెలిసి వచ్చిన వందమంది కంటె తెలియక వచ్చిన ఇరవైమంది క్షేత్రాన్ని ఎక్కువ పాడుచేస్తారు.

ఇందుకు కావలసినది పెద్ద ధనం కాదు. బనగానపల్లె బస్టాండులో ఒక బోర్డు, యాగంటి పుష్కరిణి దగ్గర ఒక బోర్డు, పెద్ద తెలుగు అక్షరాలతో. పోయే బస్సులు, వచ్చే బస్సులు, గుడి వేళలు, మెట్ల సంఖ్య, నీరు, మరుగుదొడ్డి, సత్రాలు, వైద్యానికి ఎక్కడికి పోవాలి. అన్నిటికంటె ముఖ్యం అడుగున ఒక తేదీ: ఇది ఏనాటి సమాచారం అని. గుడి ఒకరి చేతిలో ఉన్నది, బస్సు ఇంకొకరి చేతిలో ఉన్నది, దారి మరొకరి చేతిలో ఉన్నది. యాత్రికుడు మాత్రం ఈ ముగ్గురి మధ్య నుంచి ఒక్కడే నడిచిపోవలసినవాడు. ఆ ముగ్గురి మాటలను ఒకచోట చేర్చి వ్రాసే పని ఏ శాఖ కోసమూ ఆగనక్కరలేదు. ఆ ఊరి బడిపిల్లలు వ్రాయవచ్చును, దర్శనం చేసుకుని వచ్చిన ఎవరైనా వ్రాయవచ్చును. ఆళ్ళగడ్డ నుంచి అహోబిలం పోయేవారికీ ఇటువంటి బోర్డే కావాలి. ఎగువ అహోబిలం దాటి జ్వాలా నరసింహుని దగ్గరకు నడిచే దారిలో వానకాలం భవనాశిని ఎట్లా ఉంటుందో ఎక్కేముందే తెలియాలి కదా.

యాగంటి పేరుకు మా వైపు చెప్పుకునే కథ ఒకటి ఉన్నది. చిట్టెప్ప అనే భక్తుడు శివుని కోసం తపించి, పులి రూపంలో వచ్చిన స్వామిని గుర్తుపట్టి "నే కంటి, నే కంటి" అని ఎగిరి గంతులు వేశాడట. ఆ నేకంటియే యాగంటి అయినదట. ఆ ఊరిని గురించి వ్రాయబూనిన వారికి నేను కోరేది ఇంతే: మీ కంటితో చూసినది వ్రాయండి, ఏనాడు చూశారో వ్రాయండి. వెనుక వచ్చేవారిలో మీ తల్లి వయసున్న ఒకామె బస్సులో వస్తున్నదని తలచుకుని వ్రాయండి.

స్వస్తి.